రైట్ చెప్పేదాకా బస్సు కదలదు

మా మనవరాలు ఈమధ్య ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తోంది. ముందుగదిలో బల్ల మీద కంప్యూటరు తెరుచుకుని, చెవులకు ఏవో తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో పొద్దస్తమానం మాట్లాడుతూ ఉంటుంది. ఆ పిల్ల మాటల్లో నాకు అర్థమయ్యేవి తక్కువే గానీ ఒక్క మాట మాత్రం ప్రతి వాక్యం చివరా వచ్చి నా చెవిన పడుతుంది. ఒకసారి అడుగుతున్నట్టు, ఒకసారి ఒప్పుకుంటున్నట్టు, ఇంకోసారి ఇక చాల్లే ఫోను పెట్టెయ్యి అన్నట్టు, అదే మాట: రైట్. నేనేమో వంటింట్లో చుక్కకూర తుంచుకుంటూ ఉంటాను, అది వినపడగానే నా ఎడమచెయ్యి నాకు చెప్పకుండానే పక్కనున్న అలమరా తలుపు పట్టుకుంటుంది. పాతికేళ్ళు బస్సులో నిలబడి బతికినదాన్ని, రైట్ అన్న మరుక్షణం కాళ్ళకింద నేల కుదుపుతుందని నా ఒంటికి ఇప్పటికీ నమ్మకం. మనవరాలు చూసి నవ్వుతుంది. నవ్వనీ, ఆ మాటే మా ఇంట్లో నలుగురికి అన్నం పెట్టిందని దానికి తెలియకపోతే దాని తప్పు కాదు.

ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటను దేనికోసం పుట్టించుకున్నారో నాకు తెలియదు గానీ మన దగ్గరికి వచ్చాక అది చెయ్యని పని లేదు. మా నాయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ డ్రైవరు. ఆయనకు ప్రపంచంలో ఉన్న ఒప్పందాలన్నీ ఒక్క 'రైటో'తో అయిపోయేవి. పండక్కి గుడ్డలు తేవాలని మా అమ్మ చెబితే రైటో, పైకప్పు కారుతోందంటే రైటో, మీ చెల్లెలు కబురంపిందంటే రైటో. ఆ రైటోలన్నీ అమలయ్యాయా అంటే, మా అమ్మ దాని అర్థం 'విన్నాను, మర్చిపోతాను' అని మాకెప్పుడో చెప్పేసింది. బడిలో టీచరమ్మ పలక మీద కొట్టే రైటు వేరు, అది ఎక్కడ చెరిగిపోతుందోనని పలకను గుండెకు ఆనించుకోకుండా ఎడంగా పట్టుకుని ఇంటిదాకా నడిచేవాళ్ళం. మా చర్చిలో మగవాళ్ళది రైటు పక్క, మాది లెఫ్టు పక్క, మధ్యలో చాపకు చాపకు సందు. అలాంటి చర్చిలోకి మా మేనత్త, తనకిష్టమైన మనిషిని చేసుకుని ఊరంతా గుసగుసలాడుకున్న వారానికే, తల నిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చి ముందు వరసలో రైట్ రాయల్‌గా కూర్చుంది. రైట్ రాయల్ అంటే ఏమిటో నిఘంటువులో వెతకాల్సిన పని లేకుండా నాకు ఆరోజే తెలిసింది. ఇక ఊళ్ళో పెద్దవాళ్ళ వెనక మీసాలు తిప్పుకుంటూ తిరిగేవాళ్ళని ఫలానా ఆయన రైట్ హ్యాండు అనేవాళ్ళు, ఆ చెయ్యి మంచి పనికి లేవగా మాత్రం నేను చూడలేదు.

నేను కండక్టరునయ్యే నాటికి ఆడవాళ్ళు ఆ ఉద్యోగంలోకి అప్పుడప్పుడే వస్తున్నారు. మా అత్తగారికి అది బొత్తిగా నచ్చలేదు, మగవాళ్ళ మధ్య నిలబడి కేకలు పెట్టే పని మనకెందుకని వారం రోజులు ముఖం ముడుచుకుంది. మా నాయన మాత్రం అప్పటికి లారీ మానేసి ఇంట్లో ఉంటున్నవాడు, కబురు తెలియగానే ఎర్రగుంట్ల నుంచి ఆత్మకూరులో మా అత్తవారింటికి వచ్చి వాలాడు. తెలిసినవాళ్ళ లారీ ఒకటి అడిగి మా వీధి చివర ఆపించి, ఇంజను ఆన్‌లో పెట్టి, నన్ను దాని వెనక నిలబెట్టి రైట్ అని అరవమన్నాడు. నేను అరిచాను. వినపడలేదన్నాడు. మళ్ళీ అరిచాను. వీధిలో వాళ్ళంతా గడపల్లోకి వచ్చి చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను గానీ ఆయన వదల్లేదు. "డ్రైవరుకు ఎనకపక్క కండ్లుండవు మే. ఎవురన్నా ఎక్కుతాండారో, దిగుతాండారో ఆయప్పకేం తెలుస్తాది? నువ్వు రైట్ అంటేనే బండి కదలల్ల. ఆ మాట ఊరికే నోట్లోంచి రానీగాకు," అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఇచ్చిన శిక్షణలో ఎన్నో చెప్పారు గానీ నాకు గుర్తున్నది ఇదొక్కటే.

నాకు మొదట వేసిన రూటు పొద్దున్నే ఆత్మకూరు నుంచి నల్లమల అంచున ఉన్న కొస ఊరికి పోయి, అక్కడ జనాన్ని ఎక్కించుకుని, అన్ని ఊళ్ళూ తిరుగుతూ కర్నూలుకు చేరేది. డ్రైవరు సర్వీసు చివర్లో ఉన్న సాయిబు, నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. మెత్తని మనిషి, ఎవరితోనూ పెట్టుకునే రకం కాదు. స్టీరింగు పట్టుకునే ముందు ఒకసారి కళ్ళు మూసుకుని ఏదో అనుకునేవాడు, నేనూ నా ప్రార్థన నేను చేసుకునేదాన్ని. బస్సు మాత్రం ఇద్దరి మాటా వినేది కాదు, చలికాలం వస్తే నలుగురు దిగి తొయ్యాల్సిందే.

ఆ రోజుల్లో బస్సు సీటు అంటే తువ్వాలుదే అని నా వయసు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి ఎవరి తువ్వాలు లోపల పడిందో ఆ సీటు వాళ్ళది. తువ్వాలు లేనివాళ్ళు సంచి వేసేవాళ్ళు, సంచి లేనివాళ్ళు చెప్పు వేసేవాళ్ళు, ఏమీ లేనివాళ్ళు పిల్లవాణ్ణి ఎత్తి కిటికీలోంచి లోపలికి దించేవాళ్ళు. ఒకసారి పడ్డాక దాని మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. తగువొస్తే కండక్టరే తీర్పరి, ఎవరిది ముందు పడిందో చూసి చెప్పాలి. అలాంటి తీర్పులు రోజుకెన్నో చెప్పి నేనూ జడ్జీనే అనుకుంటూ తిరిగేదాన్ని.

అయితే మంగళవారం పూట మాత్రం ఒక తువ్వాలు నా తీర్పులకు అందేది కాదు. కొస ఊళ్ళో బస్సు తిరగ్గానే ఒక మనిషి సైకిలు మీద వచ్చేవాడు, ఎక్కేవాడు, డ్రైవరు వెనక సీటు మీద జరీ అంచు తెల్ల తువ్వాలు ఒకటి పరిచేవాడు, దిగి వెళ్ళిపోయేవాడు. ఆ తువ్వాలు గలాయన అక్కడుండడు. నాలుగు ఊళ్ళ అవతల ఉంటాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. భూములూ, మనుషులూ, పాత తగాదాలూ అన్నీ ఉన్న మనిషి, ఏదో కేసులో మంగళవారం మంగళవారం కర్నూలు కోర్టుకు వాయిదాకు వెళ్ళేవాడు. తన ఊరు వచ్చేసరికి బస్సు నిండిపోతుంది కాబట్టి, ఆయన కన్నా ముందు ఆయన తువ్వాలు ప్రయాణం చేసేది. ఇద్దరు కూర్చునే సీటు అది, రెండో మనిషిని కూడా పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. జనం ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడితే, తువ్వాలు మాత్రం కాళ్ళు చాపుకుని హాయిగా గాలి తగిలించుకుంటూ వచ్చేది. కొన్ని మంగళవారాలు ఆయనకు కారు దొరికి బస్సుకు వచ్చేవాడు కాదు, అప్పుడు కూడా అది కర్నూలుదాకా ఒంటరిగా పోయి సాయంత్రం తిరిగొచ్చేది. నాకు ఉన్న నోటి దురుసుకు ఒకరోజు ఊరుకోలేక, ఆ పరిచే మనిషిని అడిగాను, "ఈ తువ్వాలుకి యాడికి టికెట్ కొట్టల్లప్పా?" అని. బస్సులో కిసుక్కుమన్నారు. ఆ మనిషి నవ్వలేదు, "నీకు కొత్త గదమ్మా, తెల్సుకుంటావులే," అని దిగిపోయాడు.

అదే బస్సులో మంగళవారాలే ఒక అవ్వ వచ్చేది. కొస ఊళ్ళో మా చర్చి వాళ్ళే, కూలిపనులు చేసి బతికిన మనిషి, షుగరుతో కాలి వేళ్ళు రెండు తీసేశారు. కట్టు మార్పించుకోవడానికి వారం వారం కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలి. ఆమె తువ్వాలు వెయ్యడానికి పరిగెత్తలేదు, వేసేవాళ్ళూ లేరు. ఇంజను పక్కన కింద చతికిలబడేది, కాలు సంచి మీద పెట్టుకుని చేతులు అడ్డం పెట్టుకునేది. ఎవరైనా లేచి సీటిచ్చిన రోజు ఇచ్చేవాళ్ళు, చాలా రోజులు ఎవరూ ఇవ్వలేదు, రెండు గంటలు నిలబడాలంటే ఎవరి కష్టం వాళ్ళది. ఒక మంగళవారం కట్టు నిండా తడి కనిపించి ఏమైందని అడిగితే, పోయినవారం జనంలో ఎవరో తొక్కారని, పుండు మళ్ళీ తిరగబెట్టిందని, ఈసారి తొక్కుడు పడితే పాదమే తీసేస్తామని డాక్టరు చెప్పాడని అంది. ఆ మాట చెబుతూ కూడా నవ్వింది. "ఏం జేస్తాంలేమ్మా, దేవుడు చూస్తాండాడు," అంది. దేవుడు చూస్తున్నాడో లేదో, నేను మాత్రం చూస్తూనే ఉన్నాను, ఎదురుగా ఇద్దరు మనుషుల సీటూ, దాని మీద ఆ తువ్వాలూ.

నాకు కోపం వస్తే ఆలోచన తరవాత వస్తుంది, అది మా నాయన పోలిక. తువ్వాలు తీసి నీటుగా నాలుగు మడతలు పెట్టి పై కమ్మీకి వేశాను. అవ్వను రెక్క పట్టుకుని లేపి కిటికీ పక్క కూర్చోబెట్టాను.  అవ్వ బెదిరిపోయి, "నాకొద్దు తల్లీ, నేను కిందనే కూచుంటా, నా కొడుకులు ఆయప్ప చేన్లకే పోతారు," అని లేవబోయింది. నేను భుజం మీద చెయ్యి వేసి లేవనివ్వలేదు. భాయ్ అద్దంలోంచి చూశాడు. "వద్దు బేటీ. నీకు పిల్లలుండారు. నువ్వు రేపు గూడా ఈ దారినే రావల్ల," అన్నాడు మెల్లగా. అది బెదిరింపు కాదు, భయం. నాకూ అప్పుడు భయమేసింది, నిజం చెప్పాలంటే తువ్వాలు మళ్ళీ పరిచేద్దామా అని కూడా అనిపించింది. కానీ అప్పటికే అవ్వ కాలు చాపుకుంది, చాపుకోగానే ఆమె ముఖంలో వచ్చిన మార్పు చూశాక నా చేతులు లేవలేదు. మొదటి ఊరు పోయింది, రెండో ఊరు పోయింది, ఎక్కినవాళ్ళంతా ఆ సీటు వైపు చూసి, నా వైపు చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. సీటులో రెండో సగం ఖాళీగానే ఉంది, కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. టికెట్లు కొడుతున్నానే గానీ ఎవరికి ఎక్కడికి కొడుతున్నానో నాకే తెలియడం లేదు.

ఆయన ఊరు వచ్చింది. పాలకేంద్రం ముందు పెద్దాయన ఇద్దరు మనుషులతో నిలబడి ఉన్నాడు. మనుషులు కిందే ఆగిపోయారు, ఆయన ఎక్కాడు. ఎక్కి, తన సీటు వైపు తిరిగి, ఆగిపోయాడు. ఏందిది, అన్నాడు అంతే. ఆ గొంతు పెద్దదేం కాదు. నేను ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను, ఆడవాళ్ళ గౌరవమనీ, రోగుల సంగతనీ, డిపో రూలనీ. ఆయమ్మ కాలు బాగలేదయ్యా అని మాత్రం అన్నాను. ఆయన ఆ కట్టు వైపు చూశాడు. వెనక నుంచి ఇద్దరు ముగ్గురు లేచి తమ సీట్లు చూపించారు, వాళ్ళ వైపు తిరగనైనా లేదు. కమ్మీ మీద తువ్వాలు తీసుకున్నాడు, భుజాన వేసుకున్నాడు, అదే కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తరవాత డ్రైవరుతో, "పోనీ," అన్నాడు.

బస్సు కదల్లేదు. ఇంజను మాత్రం గురగురమంటోంది. "పోనీ అంటాండా గదా," అన్నాడు పెద్దాయన. ఆయన పోనీ అంటే ఆ చుట్టుపక్కల ఆగినదేదీ లేదు. భాయ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, వెనక్కి తిరక్కుండా, "కండక్టరమ్మ రైట్ చెప్పల్లయ్యా. ఆయమ్మ చెప్పకుంటే నేను కదిలించేకి లేదు," అన్నాడు.

నాలుగు ఊళ్ళ ముందు నన్ను వద్దు బేటీ అని బతిమాలిన మనిషి ఆయన. బస్సులో ఉన్న తలలన్నీ పెద్దాయనను వదిలి నా వైపు తిరిగాయి, పెద్దాయన తల కూడా.  వెనక తలుపు వైపు చూశాను, ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, ఎవరి కాలూ మెట్టు మీద లేదు. అన్నీ చూసుకుని, రైట్, అన్నాను. ఆత్మకూరు వీధిలో లారీ వెనక అరిచినంత గట్టిగా ఏమీ రాలేదు, కానీ భాయ్‌కి వినపడింది. బస్సు కదిలింది. పెద్దాయన కర్నూలుదాకా నిలబడే వచ్చాడు.

కర్నూలు బస్టాండులో అందరూ దిగిపోయాక బస్సు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. భయమో సంతోషమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. భాయ్ టీ తెచ్చిచ్చాడు. అంత మాట ఎలా అనగలిగావు భాయ్ అంటే, "నేనేం జేస్తిని బేటీ, రూలు చెప్తిని అంతే," అని గ్లాసు వైపు చూస్తూ ఊదుకున్నాడు. టీ చల్లారిపోయింది గానీ ఇద్దరం ఒక్క గుక్కైనా తాగలేదు, అది చూసుకుని నవ్వుకున్నాం.

ఆ వారమంతా డిపోలో ఎవరు పిలిచినా ఇక ఉద్యోగం పోయిందనే అనుకునేదాన్ని. మా ఆయన సెలవు పెట్టమన్నాడు, మా అత్తగారు, ఆశ్చర్యం, పెట్టొద్దంది. మంగళవారం వచ్చింది. కొస ఊళ్ళో సైకిలు రాలేదు, తువ్వాలూ రాలేదు. అవ్వ తనంతట తాను ఇంజను పక్కకు వెళుతుంటే పిలిచి కిటికీ పక్క కూర్చోబెట్టాను. ఆమె పక్కన మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. పాలకేంద్రం దగ్గర పెద్దాయన ఎక్కాడు. ఒక్క క్షణం నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి మడిచి, సీటుకు సరిగ్గా నడిమధ్య పెట్టి, దానికి ఇవతల అంచున కూర్చున్నాడు, సగం మనిషి దారిలోనే ఉన్నాడు. అవ్వ కిటికీకి అతుక్కుపోయింది. కర్నూలుదాకా ఇద్దరూ ముందుకే చూస్తూ వచ్చారు.

అలా చాలా మంగళవారాలు జరిగింది. వాళ్ళు మాట్లాడుకోవడం నేను ఒక్కసారి కూడా వినలేదు. కానీ టికెట్లు కొడుతూ నేనొకటి గమనించాను, ఆయన ఆ దారి పొడుగునా రెండు కాళ్ళూ సీటు కిందికి ముడుచుకుని కూర్చునేవాడు. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరిపడుతున్నా కమ్మీ పట్టుకుని ఒళ్ళు ఆపుకునేవాడే గానీ కాళ్ళు చాపేవాడు కాదు. ఆమె కాలు తనకు తగలకూడదనో, తన కాలు ఆమె పుండుకు తగలకూడదనో, ఏది ఆయన మనసులో ఉందో నాకు తెలియదు. అడిగేంత నోరు నాకు కూడా లేదు. రోజుకో రకంగా అనుకునేదాన్ని.

ఆ తరవాత ఒక మంగళవారం అవ్వ రాలేదు. నేను ముందువారమే విన్నాను, పుండు మానింది, పాదం నిలబడింది, ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పాడని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఆరోజు పెద్దాయన ఎక్కి, కిటికీ పక్క ఖాళీ చూసి, నేను టికెట్ కొడుతుంటే, "ఆ ముసలామె రాలేదేం?" అన్నాడు. ఆయన నాతో మాట్లాడింది అది రెండోసారి. మానిందంటయ్యా, ఇంక రాదు అన్నాను. రైట్, అన్నాడు.  ఆరోజంతా ఆయన ఆ అంచునే కూర్చున్నాడు, కిటికీ పక్కకు జరగలేదు.

తరవాత నాకు రూటు మారింది, భాయ్ రిటైరయ్యాడు, ఎవరి దారి వాళ్ళది అయింది. పోయిన ఏడాది కోతపండుగకు చర్చి వాళ్ళు పిలిస్తే ఆ కొస ఊరికి వెళ్ళాను. ఆటోలో వెళ్ళాను, ఎందుకంటే ఆ ఊరికి బస్సు తీసేసి చాలా కాలమైందట, ఎక్కేవాళ్ళు లేరట. రోడ్డు అద్దంలా ఉంది. అవ్వ పోయి ఏళ్ళవుతోంది, రెండు కాళ్ళ మీదే నడుస్తూ పోయిందని ఆమె మనవరాలు చెప్పింది. ఆ పిల్ల నర్సు, స్కూటీ మీద డ్యూటీకి పోతుంది. దారిలో పాలకేంద్రం దగ్గర అద్దాలు నల్లగా ఉన్న కారొకటి మా ఆటోను దాటుకుని పోయింది, పెద్దాయన మనవలట, లోపల ఎందరున్నారో కూడా కనపడలేదు. నాకు సంతోషంగానే ఉంది, ఏ ముసలామెకూ కింద కూర్చుని పుండు కాలికి చేతులు అడ్డం పెట్టుకోవాల్సిన పని లేదు ఇప్పుడు. ఆ కాలం మళ్ళీ రావాలని నేను కోరుకోను.

కానీ తిరిగొస్తుంటే ఎందుకో మనసు బరువైంది. ఆ అవ్వ ఇంటికీ పెద్దాయన ఇంటికీ వాడలు వేరు, బావులు వేరు, గుడీ చర్చీ వేరు, చివరికి శ్మశానాలు కూడా వేరే. ఆ ఇళ్ళ మనుషులు పక్కపక్కన కూర్చున్న చోటు నేను చూసినంతలో ఆ ఒక్క సీటే. ఇప్పుడు ఎవరి బండి వాళ్ళకుంది. ఎవరి కోసం ఎవరూ కాళ్ళు ముడుచుకోనక్కర్లేదు.